60 డిగ్రీల గోల్ఫ్ వెడ్జ్ కొనాలా, 64 కొనాలా, ఉన్న 56నే తెరిచి కొట్టుకోవాలా?

గుంటలో_గోవిందు
మాది హైదరాబాద్, హ్యాండిక్యాప్ 19 (ఈ అంకె ఎంత తక్కువైతే ఆట అంత బాగున్నట్టు). బ్యాగులో వెడ్జ్‌లు, అంటే బంతిని ఎత్తుగా లేపే చిన్న దూరాల క్లబ్బులు, మూడు. సెట్‌తో వచ్చిన పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్, అదే ఫేస్ వాలు, 44 డిగ్రీలు, విడిగా కొన్న 50, 56 ఉన్నాయి. ఆ 56కి బౌన్స్ 12. నా బాధ ఒక్కటే. గ్రీన్ (హోల్ ఉండే నున్నటి పచ్చిక) పక్కన పది పన్నెండు యార్డుల్లో బంతి, మధ్యలో బంకర్, అదే ఇసక గుంట, ఆ బంకర్ అంచునే జెండా. ఇది కనిపిస్తే చాలు, చేతులు చల్లబడిపోతాయి. మెల్లగా కొడితే ఇసకలో పడుతుంది, కాస్త గట్టిగా కొడితే గ్రీన్ దాటి అవతలి చెట్ల కిందికి పోతుంది. ఫేస్ తెరిచి, అంటే ఆకాశం వైపు తిప్పి, కొట్టమన్నారు, తెరిచా, క్లబ్ అంచు బంతి నడుం మీద తగిలి అది తుపాకీ గుండులా పోయింది, అవతల గ్రీన్ మీద పట్ చేస్తున్నవాళ్లు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. మార్చి నుంచి జూన్ దాకా నేల సిమెంటు గచ్చు, ఆగస్టు వచ్చేసరికి అదే నేల బురద. షాపులో కుర్రాడు 60 డిగ్రీలు, బౌన్స్ 4 ఉన్నది తీసుకోమంటున్నాడు. మా ఆఫీసులో ఒకాయన 64 వాడతాడు, బంతి లిఫ్టులో ఎక్కినట్టు ఎక్కి దిగుతుందంటాడు. ఒక్కటే కొనగలను, రెండోది కొంటే ఇంట్లో లెక్క చెప్పాలి. ఏది తీసుకోను?

నాలుగో_పట్
ఇంట్లో లెక్క చెప్పాలంటే 64 కొను. నంబర్ పెద్దది కదా, డబ్బుకి తగ్గ సరుకులా కనిపిస్తుంది.

పాత_ఐరన్
ఏదీ వద్దు. ముప్పై ఏళ్లుగా ఆడుతున్నాను, 56 దాటింది నా బ్యాగులోకి రాలేదు. 1982 యూఎస్ ఓపెన్‌లో పెబల్ బీచ్ 17వ హోల్ దగ్గర టామ్ వాట్సన్ గడ్డిలోంచి చిప్ చేసి నేరుగా హోల్‌లో వేసింది శాండ్ వెడ్జ్‌తోనే, అంటే ఈ 56 లాంటిదాంతోనే. సెవె బాలెస్టెరోస్ చిన్నప్పుడు సొంతూరి బీచ్‌లో ఒక్క 3 ఐరన్ (దూరం కొట్టే క్లబ్) పట్టుకుని అన్ని షాట్లూ నేర్చుకున్నాడు. ఇప్పుడేమో షాట్ రాకపోతే షాపుకి పరిగెత్తుతున్నారు. నెల రోజులు రోజుకి వంద బంతులు ఆ 56తో కొట్టండి, డబ్బూ మిగులుతుంది, షాటూ వస్తుంది.

డల్లాస్_బావ
పాత_ఐరన్ గారూ, వాట్సన్ బంతి రఫ్‌లో ఉంది, దాని కింద గడ్డి పరుపు ఉంది. గోవిందు బంతి గచ్చు మీద ఉంది. అసలు తేడా అక్కడే.

ఫేస్ తెరిస్తే లాఫ్ట్ ఒక్కటే పెరగదు, బౌన్స్ కూడా పెరుగుతుంది. బౌన్స్ అంటే క్లబ్ అడుగు భాగం, అదే సోల్, ముందు అంచుకన్నా ఎంత కిందికి దిగి ఉంది అన్న లెక్క. 12 బౌన్స్ ఉన్న 56ని బాగా తెరిచి గట్టి నేల మీద పెట్టి చూడండి, వెనక భాగం నేలకి ఆనుతుంది, లీడింగ్ ఎడ్జ్, అదే ముందు అంచు, గాల్లో లేస్తుంది. ఆ సందులోకి వేలు కూడా దూరుతుంది. అలా లేచిన అంచు బంతి కిందికి ఎలా పోతుంది? నడుం మీదే తగులుతుంది. గోవిందు కొట్టిన తుపాకీ గుండు చేతకానితనం కాదు, జామెట్రీ. మెత్తటి ఇసకలో, గుబురు గడ్డిలో ఇదే బౌన్స్ వరం, కూరుకుపోకుండా తేలుస్తుంది. గచ్చు మీద శాపం.

అందుకే గట్టి నేల మీద 60ని తెరవకుండా అలాగే పెట్టి కొట్టడం, 56ని తెరిచి కొట్టడం ఒకటి కావు. ఎత్తు దాదాపు అంతే వస్తుంది, కానీ అంచు నేలకి దగ్గరగా ఉంటుంది.

గుంటలో_గోవిందు
డల్లాస్_బావ, ఇప్పుడే డ్రాయింగ్ రూమ్‌లో టైల్స్ మీద పెట్టి చూశా. నిజమే, రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినా దూరిపోతున్నాయి. మా ఆవిడ వచ్చి టైల్ పగిలితే ఏమవుతుందో చెప్పి వెళ్లింది. అయితే 60, బౌన్స్ 4 అన్నమాట?

విశాఖ_గాలి
ఆగు ఆగు. ఆ 4 బౌన్స్ నేను కొన్నా, సరిగ్గా నువ్వు చెప్పిన కారణానికే. ఏప్రిల్‌లో బంగారం. జులైలో వానలు పడ్డాక అదే క్లబ్ పారలా దిగబడింది, బంతి రెండడుగులు, మట్టిపెళ్ల నాలుగడుగులు పోయేది. ఆ సీజన్ అంతా కోర్సు బాగు చేసింది నేనే అని మావాళ్లు ఏడిపించేవాళ్లు. ఇంకోటి, మాకు ఈస్ట్ పాయింట్ దగ్గర సముద్రం పక్కనే. మధ్యాహ్నం గాలి లేచాక లాబ్, అంటే ఎత్తుగా లేపే షాట్, కొట్టడమంటే గాలిపటం ఎగరేయడమే, ఎక్కడ దిగుతుందో దేవుడికే తెలియాలి. ఎత్తు ఊరికే రాదు గురూ.

రఫ్_రాణి
నేను బెంగళూరులో ఆడతా, హ్యాండిక్యాప్ 9. నా దగ్గర 58, బౌన్స్ 10 ఉంది, మధ్యలో ఓ ఏడాది 60 వాడి మానేశా. కారణం సింపుల్. 60తో బాగా తగిలిన బంతి అద్భుతం, కానీ పదిలో ఎన్ని బాగా తగులుతాయి? ఫేస్ అంత వాలుగా ఉంటే బంతి తగిలే చోటు కొంచెం మారినా దూరం సగానికి సగం మారిపోతుంది. గుబురు గడ్డిలో అయితే క్లబ్ బంతి కిందనుంచి జారిపోతుంది, బంతి ఫేస్ పై అంచుకి తగిలి అక్కడే పడుతుంది. 58కి ఆ రోగం కొంచెం తక్కువ.

ఇంకో మాట, గోవిందు గారు కోపం తెచ్చుకోకండి. జెండా ఉన్న పక్కకే బంతి మాటిమాటికీ ఎందుకు పోతోంది? వెడ్జ్ సంగతి సరే, దానికి ముందు దూరం నుంచి గ్రీన్ మీదకి కొట్టిన 7 ఐరన్ సంగతేంటి?

నాలుగో_పట్
రాణి మేడమ్ ఇంటి గుట్టు బయటపెట్టేశారు.

గుంటలో_గోవిందు
కోపం ఏం లేదండీ, నిజమే. జెండా కనిపిస్తే దాని మీదకే కొట్టాలనిపిస్తుంది. పెళ్లి భోజనంలో నేరుగా స్వీట్ దగ్గరికి పోయే రకం నేను.

లెక్కల_మాస్టారు
అందరూ ఒక్క షాట్ గురించే మాట్లాడుతున్నారు. మిగతా రౌండ్ సంగతి? ఇప్పటి ఐరన్ సెట్లలో పిచింగ్ వెడ్జ్ 43, 44 డిగ్రీలకి వచ్చేసింది, పాత రోజుల్లో అది 9 ఐరన్ లాఫ్ట్. గోవిందు బ్యాగ్ 44, 50, 56. ఆరేసి డిగ్రీల తేడా. అదే వరసలో పోతే తర్వాతది 62, కానీ అది వద్దు. నేనైతే ఆ 56ని లాఫ్ట్ యంత్రం మీద 54కి వంచి, 50ని 49కి వంచి, పైన 58 పెడతా. 44, 49, 54, 58. చక్కటి మెట్లు. 56ని రెండు డిగ్రీలు తగ్గిస్తే బౌన్స్ కూడా రెండు తగ్గి 10 అవుతుంది, అది ఉచితంగా వచ్చే లాభం. 64 కొంటే 56కీ దానికీ మధ్య ఎనిమిది డిగ్రీల ఖాళీ. ఫుల్‌గా కొట్టినా అది మనలాంటివాళ్లకి 45 యార్డులు దాటదు. పద్నాలుగు క్లబ్బులే పెట్టుకోవాలన్న రూల్ ఉన్నప్పుడు, రౌండుకి ఒక్కసారి కూడా అక్కర్లేని క్లబ్‌కి ఒక జాగా ఇస్తారా?

పాత_ఐరన్
మాస్టారు మంచి మాట చెప్పారు. కాకపోతే ఆ వంచే ఖర్చు కూడా వద్దంటాను.

64_సుబ్బు
ఇంతసేపు నా క్లబ్‌ని తిడుతుంటే చదువుతూ కూర్చున్నా, ఇక ఆగలేను. అవును, నేను 64 వాడతా. నాలుగేళ్లయింది. ఫుల్ షాట్‌కి పనికిరాదు, ఒప్పుకుంటా. కానీ గోవిందు అడిగిన షాట్ ఏంటి? పది యార్డులు, మధ్యలో బంకర్, పచ్చిక కొంచెం లేచి ఉంటే ఇంతకన్నా తేలికైన క్లబ్ లేదు. తెరవక్కర్లేదు, మణికట్టు తిప్పక్కర్లేదు, మామూలు చిప్‌లా ఊపితే చాలు, బంతి పైకి లేచి మెత్తగా కూర్చుంటుంది. ఫిల్ మికెల్‌సన్ కూడా 2013 యూఎస్ ఓపెన్‌లో 64 పెట్టుకున్నాడు, తెలుసా? డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) తీసేసి మరీ ఐదు వెడ్జ్‌లతో మెరియన్ కోర్సులో దిగాడు.

రఫ్_రాణి
దిగాడు, రెండో స్థానంలో ఆగాడు. కప్పు జస్టిన్ రోజ్ ఎత్తుకుపోయాడు. చివరి రోజు 13వ, 15వ హోల్స్‌లో బోగీలు (పార్ కన్నా ఒక దెబ్బ ఎక్కువ), రెండూ వెడ్జ్ షాట్లే దెబ్బకొట్టాయి. బ్యాగులో ఐదు వెడ్జ్‌లు పెట్టుకుని.

64_సుబ్బు
అవి 64తో కొట్టినవి కాదుగా! నా క్లబ్‌కి సంబంధం లేదు.

నాలుగో_పట్
సుబ్బు అన్నయ్య లాయరా?

64_సుబ్బు
చార్టర్డ్ అకౌంటెంట్. ఇంకా ప్రమాదం.

మెల్‌బోర్న్_మల్లి
ఇక్కడ మెల్‌బోర్న్ దక్షిణాన శాండ్‌బెల్ట్ అని ఉంది, ఇసక నేల, నీళ్లు ఇంకిపోయి ఏడాది పొడవునా గట్టిగానే ఉంటుంది. గ్రీన్ చుట్టూ గడ్డి గుండు గీసినట్టు కత్తిరిస్తారు. ఇక్కడ నాలాంటి మామూలు ఆటగాళ్లు కూడా తక్కువ బౌన్స్ 60 పెట్టుకుంటారు, 4, 6 అలా. కానీ చూసి చూసి నేను నేర్చుకున్నది వేరే. ఇక్కడి పాతకాపులు ఆ 60 బ్యాగులోంచి తీసేది చాలా తక్కువ, పది యార్డుల అవతలి నుంచి కూడా పటర్‌తోనే, అదే బంతిని నేల మీద దొర్లించే క్లబ్‌తోనే, నెట్టుకొస్తారు. బంకర్ అడ్డం ఉన్నప్పుడే లాబ్. నా లెక్కలో 60 అంటే కారులో స్టెప్నీ. ఉండాలి, రోజూ వాడకూడదు.

పాత_ఐరన్
స్టెప్నీ పోలిక బాగుంది. నేను స్టెప్నీ లేకుండానే ముప్పై ఏళ్లు తిరిగా.

డల్లాస్_బావ
పాత_ఐరన్ గారూ, మీ 56 కూడా ఒకప్పుడు కొత్త వింతే. 1932 బ్రిటిష్ ఓపెన్‌కి ముందు జీన్ సరాజెన్ తన నిబ్లిక్ (అప్పటి వాలు ఎక్కువున్న ఐరన్) అడుగున సోల్డర్ పోసి బౌన్స్ పెంచుకున్నాడు, ఎవరికంటా పడకుండా బ్యాగులో తలకిందులుగా పెట్టి తిరిగాడట. ఆ టోర్నమెంట్ గెలిచాడు కూడా. అప్పుడు కూడా ఎవరో ఒక పెద్దాయన "ఉన్న నిబ్లిక్‌తో ప్రాక్టీస్ చెయ్యండి" అని అనే ఉంటాడు. 60 కూడా అంతే, 1980ల మొదట్లో టామ్ కైట్ మూడో వెడ్జ్‌గా పెట్టుకున్నాక మిగతావాళ్లకి కన్ను పడింది. దాని వెనక ఉన్నది కోచ్ డేవ్ పెల్జ్, ఒకప్పటి నాసా మనిషి. తర్వాత ఆయనే 64 కూడా పెట్టుకోమన్నాడు, కాబట్టి సుబ్బు గారి వెనక సైన్స్ కొంచెం ఉంది, ఒప్పుకోవాలి.

64_సుబ్బు
నాసా. విన్నారా అందరూ? నాసా.

నాలుగో_పట్
అందుకే బంతి అంతరిక్షంలోకి పోయి నీ కాళ్ల దగ్గరే దిగుతుంది.

కొత్త_గ్లవ్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నేను ఆట మొదలుపెట్టి ఆరు నెలలు. వోకీ బ్రాండ్ వెడ్జ్ మీద 60.08ఎం అని ఉంటుంది, అదేంటి? షాపులో అడిగితే "అది ప్రొఫెషనల్ మోడల్ సార్" అన్నాడు.

రఫ్_రాణి
కొత్త_గ్లవ్, షాపువాడికీ తెలియదన్నమాట. మొదటి అంకె లాఫ్ట్, రెండోది బౌన్స్, చివరి అక్షరం గ్రైండ్. గ్రైండ్ అంటే సోల్‌లో మడమ (కర్ర అతికిన వైపు) దగ్గర, కొన (టో) దగ్గర, వెనక వైపు ఎంత లోహం చెక్కేశారు అన్నది. ఎంలో మడమ, కొన, వెనక మూడు చోట్లా చెక్కుతారు, ఫేస్ తెరిచినా అంచు మరీ లేవదు. కె అంటే వెడల్పు సోల్, 60.14కె అంటే బౌన్స్ 14, బంకర్లో కళ్లు మూసుకుని కొట్టినా బయటపడుతుంది, గచ్చు మీద మాత్రం గంతులేస్తుంది. అందుకే బౌన్స్ అంకె ఒక్కటే చూసి కొనకూడదు, 10 బౌన్స్ ఉన్న రెండు వెడ్జ్‌లు గ్రైండ్ వేరైతే నేల మీద వేరేగా నడుస్తాయి.

కొత్త_గ్లవ్
ఇంత క్లియర్‌గా ఎవరూ చెప్పలేదు మేడమ్. నాది ఏ అక్షరమూ లేదు, ఎస్‌డబ్ల్యూ, అదే శాండ్ వెడ్జ్, అని మాత్రం ఉంది.

పాత_ఐరన్
అదే మంచి క్లబ్. ఉంచుకో బాబూ.

విశాఖ_గాలి
గ్రైండ్ మాట వచ్చింది కాబట్టి నా ఘనకార్యం చెప్తా. ఆ రెండో ఏడు వేరే 60 కొన్నా, ఈసారి బౌన్స్ 12. ఎండాకాలంలో గంతులు. సోల్ మడమ దగ్గర కొంచెం చెక్కితే చాలని వీడియోల్లో చూసి, హైదరాబాద్ వచ్చినప్పుడు బాలానగర్‌లో తెలిసిన లేత్ వర్క్‌షాప్‌కి పట్టుకెళ్లా. పాపం ఆ మేస్త్రీ "దీన్ని పదును పెట్టాలా సార్?" అని అడిగాడు. కొడవలి అనుకున్నాడు. కొంచెం అన్నా, ఆయన శ్రద్ధగా చాలా చేశాడు. తల బరువు తగ్గి ఊపితే చేతిలో క్లబ్ ఉన్నట్టే తెలియట్లేదు, క్రోమ్ పోయిన చోట వారంలో తుప్పు. తప్పు ఆయనది కాదు, నాదే. సీసం టేప్ అంటించుకుని ఓ సీజన్ ఆడి, తర్వాత గోడకి తగిలించా.

లెక్కల_మాస్టారు
రౌండ్ మధ్యలో మాత్రం అలాంటి చెక్కుడు పనులు పెట్టుకోకండి, రూల్ ఒప్పుకోదు.

నాలుగో_పట్
మాస్టారూ, ఆయన రౌండ్ మధ్యలో లేత్ మెషీన్ ఎక్కడ తెస్తాడు!

డల్లాస్_బావ
గోవిందుకి ఇంకో సంగతి. గ్రూవ్‌లు, అంటే ఫేస్ మీద చెక్కిన గాడులు. 60తో బంతి ఆగేది ఎత్తు వల్ల కొంత, స్పిన్ వల్ల కొంత. పొద్దున్నే మంచులోనో, స్ప్రింక్లర్ తడిలోనో బంతికీ ఫేస్‌కీ మధ్య నీళ్లు చేరితే పట్టు పోతుంది. బంతి ఫేస్ మీద జారి ఇంకా ఎత్తుకి లేస్తుంది, కానీ స్పిన్ లేక దిగాక పరుగు పెడుతుంది. టీవీలో చూసిన ఒక్క గెంతు వేసి ఆగే షాట్ తడి గడ్డిలోంచి ఎవరికీ రాదు. పొడి బట్టతో ఫేస్ తుడుచుకోవడం కొత్త వెడ్జ్‌తో సమానం. సెకండ్ హ్యాండ్ కొంటే మాత్రం గోరుతో గ్రూవ్ గీసి చూడు, గోరు అంచున పట్టుకోవాలి. మా బెర్ముడా గడ్డిలో ఇంకో తలనొప్పి ఉంది, గడ్డి వాలు నీ వైపు తిరిగి ఉంటే తక్కువ బౌన్స్ అంచు అందులో ఇరుక్కుంటుంది. వాలు చూసుకోకుండా లాబ్ ఎత్తకు.

బంజారా_బోగీ
సెకండ్ హ్యాండ్ అంటే గుర్తొచ్చింది. ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర సగం ధరకి 60 కొన్నా. పెట్టె, స్టిక్కర్, ప్లాస్టిక్ కవర్ అన్నీ పక్కా. రెండు నెలల్లో బ్రాండ్ అక్షరాల్లో పోసిన రంగు రాలిపోయింది, సిరిసిల్ల వచ్చి మా అన్న లాఫ్ట్ మిషన్ మీద కొలిస్తే 57 డిగ్రీలు. మొత్తం నకిలీ. అయితే నవ్వొచ్చేదేంటంటే ఆ 57తో నేను అంతకుముందుకన్నా బాగా ఆడా, 60 అనుకుని ధైర్యంగా కొట్టేవాణ్ని.

రఫ్_రాణి
బంజారా_బోగీ, మీరు తెలియకుండానే నా వాదన గెలిపించారు.

మెల్‌బోర్న్_మల్లి
సిరిసిల్లలో లాఫ్ట్ మెషీన్ ఉందా?

బంజారా_బోగీ
మా అన్న దుబాయ్‌లో గోల్ఫ్ షాపులో చేసి వచ్చిండు, మెషీన్ వెంట తెచ్చుకుండు. ఊళ్లో దాన్ని చూసి చెరుకు రసం మిషనా అని అడుగుతరు.

64_సుబ్బు
గోవిందూ, మాటలెందుకు. శనివారం నా 64 తీసుకో, కొట్టి చూడు. క్షేమంగా తిరిగిచ్చెయ్.

గుంటలో_గోవిందు
సరే, అడిగి తెచ్చుకున్నా. సుబ్బు గారి 64, రేంజ్‌లో కోచ్ దగ్గర 58 (బౌన్స్ 10), ఒక ఫ్రెండ్ దగ్గర 60 (బౌన్స్ 4), నా సొంత 56. ప్రాక్టీస్ గ్రీన్ దగ్గర బంకర్ అవతల, పన్నెండు యార్డుల నుంచి, ఒక్కోదాంతో ఇరవై బంతులు. జెండా కర్ర పొడవులోపు ఆగితే మంచిది అని లెక్క.

మధ్యాహ్నం, గట్టి నేల. 56 తెరిచి కొడితే మంచివి 3, గ్రీన్ మీదే కానీ దూరంగా 6, బంకర్లో 5, అవతలికి 6. 58తో మంచివి 5, దూరంగా 9, బంకర్లో 4, అవతలికి 2. 60తో మంచివి 7, దూరంగా 6, బంకర్లో 4, అవతలికి 3. 64తో మంచివి 4, దూరంగా 3, బంకర్లో 11, అవతలికి 2. సుబ్బు గారూ సారీ, ఆ నాలుగూ మాత్రం సినిమా షాట్లు. మిగతావి కిందనుంచి జారిపోయాయి.

మర్నాడు పొద్దున్న స్ప్రింక్లర్ ఆపిన పది నిమిషాలకి మళ్లీ కొట్టా, 58, 60 మాత్రమే. 60తో మంచివి 2, దూరంగా 5, బంకర్లో 11, అవతలికి 2. విశాఖ_గాలి చెప్పిన పార కథ కళ్లారా చూశా. 58తో మంచివి 5, దూరంగా 8, బంకర్లో 5, అవతలికి 2. అంటే 58కి నేల మారినట్టే తెలియలేదు.

విశాఖ_గాలి
చెప్పానా! పార.

లెక్కల_మాస్టారు
ఇరవై బంతులు చాలా తక్కువ, అయినా పోకడ తెలుస్తోంది. కాగితం మీద రాసుకుని వచ్చిన మొదటి మనిషి మీరే, సంతోషం.

64_సుబ్బు
నా క్లబ్‌తో మొదటిసారి కొట్టాడు. అలవాటు కావాలి. నేనైతే ఇరవైలో...

రఫ్_రాణి
ఇరవైలో?

64_సుబ్బు
లెక్కపెట్టలేదు.

పాత_ఐరన్
గోవిందు బాబూ, 56తో అవతలికి 6, బంకర్లో 5 అన్నావు. ఎంత తెరిచావు? కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు కిందికి దించి కొట్టావా? చేతులు దించితే క్లబ్ మడమ నేలకి దిగి అంచు కొంచెం తగ్గుతుంది. ఇది ఎవరూ చెప్పలేదు నీకు. మళ్లీ కొట్టు.

డల్లాస్_బావ
అది మాత్రం నిజం, పాత_ఐరన్ గారితో ఏకీభవిస్తున్నా. తారీఖు రాసిపెట్టుకోండి.

గుంటలో_గోవిందు
చేతులు దించి ఇంకో పది కొట్టా, అవతలికి పోయేవి తగ్గాయి, నిజమే. కానీ అసలు కథ వేరే. పొద్దుటి నుంచి నా తతంగం చూస్తున్న కేడీ ఒకతను (పెద్దాయన, నేను పుట్టకముందు నుంచి బ్యాగులు మోస్తున్నాడట) చివరికి ఉండబట్టలేక వచ్చాడు. "సార్, ఆ 56 తెరవకుండా పట్టుకుని, బంకర్ వదిలేసి పక్కనుంచి గ్రీన్ మధ్యలోకి కొట్టండి, తర్వాత రెండు పట్లు" అన్నాడు. సరే అని పది బంతులు అలా ఆడి హోల్‌లో పడేదాకా లెక్కపెట్టా. ఎనిమిది సార్లు 3, రెండు సార్లు 4, మొత్తం 32. మళ్లీ 60 తీసుకుని జెండా మీదకి పది, హోల్ అయ్యేదాకా. మూడు సార్లు 2, ఎగిరి గంతేశా. మూడు సార్లు 3, ఒకసారి 4, రెండు సార్లు 5, ఒకసారి 6. మొత్తం 35.

నాలుగో_పట్
కేడీ గారికి ఈ వేదికలో సభ్యత్వం ఇవ్వాలి. మనందరం ఖాతాలు మూసుకుని పోవాలి.

రఫ్_రాణి
2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానం దాకా వచ్చినప్పుడు మా క్లబ్‌లో అందరం టీవీ ముందే ఉన్నాం. పక్కన ఆడేవాళ్లకన్నా ఆమె డ్రైవ్ చాలా వెనక పడుతుండేది, గ్రీన్ మీదా గ్రీన్ చుట్టూనే లాక్కొచ్చింది. ఎక్కడా హీరోయిజం లేదు. ఆ తర్వాత వారం మా క్లబ్‌లో మగవాళ్లందరూ మళ్లీ ఎత్తుగా లేపే ఫ్లాప్ షాట్లే కొట్టారు, అది వేరే సంగతి.

డల్లాస్_బావ
కేడీ మాట సరే, కానీ గ్రీన్ మధ్యలోకి దారి లేని చోట? బంకర్ గ్రీన్ చుట్టూ తిరిగి ఉంటే? అప్పుడు ఎత్తు కావాల్సిందే. నా ఓటు ఇప్పటికీ 60కే, కానీ బౌన్స్ 8 లేదా 10. ఆ 4 షాపులోనే వదిలెయ్.

మెల్‌బోర్న్_మల్లి
ఇంతకీ కొన్నావా?

గుంటలో_గోవిందు
కొన్నా. సెకండ్ హ్యాండ్ 58, బౌన్స్ 10. గోరుతో గీసి చూశా, పట్టుకుంది. మాస్టారు చెప్పినట్టు 56ని 54కి, 50ని 49కి వంచించా, పని అరగంట, ఛార్జీ ఒక డజను బంతుల ఖరీదు కూడా కాలేదు. ఆదివారం మొదటి రౌండ్. పద్దెనిమిది హోల్స్‌లో నేను అడిగిన ఆ షాట్ ఒక్కసారి కూడా రాలేదు. ఒక్కసారీ! 54తో మాత్రం ఎనభై యార్డుల నుంచి రెండు దగ్గరగా పడ్డాయి, అంతకుముందు ఆ దూరానికి నా దగ్గర క్లబ్బే ఉండేది కాదు.

లెక్కల_మాస్టారు
చూశారా.

బంజారా_బోగీ
ఇంట్ల లెక్క చెప్పినవా?

గుంటలో_గోవిందు
పాతదే, రంగు మార్చా అని చెప్పా.

64_సుబ్బు
అంతా బాగుంది కానీ గోవిందూ, శనివారం పోయి ఇంకో శనివారం వచ్చింది, నా 64 ఏదీ?

గుంటలో_గోవిందు
అదే చెప్పాలనుకుంటున్నా సుబ్బు గారూ. ఆ రోజు బంకర్లో రేక్ తీస్తూ గట్టు మీద పెట్టా, పెట్టి అలాగే వచ్చేశా. కంగారు పడకండి, దొరికింది, కేడీ మాస్టర్ గదిలో ఉందట. కాకపోతే నిన్న ఫోన్ చేస్తే, చెట్టు మీద ఇరుక్కున్న బంతులు దించడానికి బాగుందని ఎవరో తీసుకెళ్లారన్నాడు. రేపు పొద్దున్న వెళ్లి తెస్తా.

64_సుబ్బు
చెట్టు మీద నుంచా? దానికి లాఫ్ట్ ఎంత కావాలి?

నాలుగో_పట్
64.